సగంలో ఆగిన కారుకు వెల కట్టడం

మా ఇంటి వెనక వేపచెట్టు కింద ఏళ్ల తరబడి టార్పాలిన్ కప్పుకుని నిలబడిన ప్రీమియర్ పద్మిని కారు పోయిన నెలలో వెళ్లిపోయింది. 90,000 రూపాయలకు అమ్మినాం. సంగతి తెలిసి మా వీధిలో సగం మంది "అంత తక్కువకా!" అన్నారు. మిగతా సగం మంది "ఆ ఇనుప గూటికి అంత ఇచ్చినారా!" అన్నారు. రెండు మాటలూ ఒకే కారును చూసి అన్నవే.

ఆ ధర దగ్గరికి రావడానికి మా ఇంట్లో నాలుగు నెలలు పట్టింది. అందులో రెండు నెలలు మా ఆయనా నేనూ సరిగ్గా మాట్లాడుకోలేదు. సగంలో ఆగిన వస్తువు ప్రతి ఇంట్లో ఏదో ఒకటి ఉంటుంది. మా వీధిలోనే పిల్లర్ల దగ్గర ఆగిన మిద్దె ఒకటి, బోరు పడి మోటారు దిగని పొలం ఒకటి ఉన్నాయి. అందుకే ఈ లెక్క రాస్తున్నా, మీకూ పనికొస్తుందని.

కారు మా మామగారిది. ఆదోని పత్తి మార్కెట్లో ఆయన కమీషన్ వ్యాపారం చేసేవారు. 1983లో ఈ కారు కొన్నారు. ఆ ఏడాది డిసెంబరులోనే మారుతి 800 వచ్చింది. అంతకు ముందు మనలాంటి ఊళ్లలో కారు అంటే అంబాసిడర్, లేకపోతే పద్మిని. బొంబాయిలో ప్రీమియర్ కంపెనీ ఇటలీ ఫియట్ 1100ను ఇక్కడ తయారుచేసి, తర్వాత చిత్తూరుగఢ్ రాణి పేరు పెట్టింది. గేరు స్టీరింగ్ పక్కన కర్రలాగా ఉంటుంది. ఆ కారులోనే మా వదిన పెళ్లికూతురై వెళ్లింది. ఆ కారులోనే నన్ను ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి తీసుకొచ్చినారు. దారిలో రెండుసార్లు ఆగి రేడియేటర్‌లో నీళ్లు పోసినారు. పెళ్లికూతుర్ని కదా అని నేను దిగకుండా కూర్చున్నా.

2009లో మామగారు పోయినారు. అప్పటి నుంచి కారు కదలలేదు. 2016లో మా ఆయన దాన్ని మళ్లీ కొత్తదాన్ని చేస్తానని మొదలుపెట్టినారు. మా ఆయన జిన్నింగ్ మిల్లులో లెక్కలు రాస్తారు. ఊరందరి లెక్క పైసాతో సహా చెప్పే మనిషి, ఈ కారు లెక్క మాత్రం ఎప్పుడూ రాయలేదు. ఇంజను విప్పించినారు, బోరింగ్ చేయించి కొత్త పిస్టన్లు వేయించినారు. ఫ్లోరు తుప్పు పడితే రేకు కోయించి టింకరింగ్ చేయించినారు. సామాన్ల కోసం బెంగళూరు జేసీ రోడ్డు చుట్టూ తిరిగినారు. ఒక షెడ్డువాళ్లు ప్రైమర్ కొట్టి, రంగు రేపూ మాపూ అంటూ ఎండకూ వానకూ బయట వదిలేసినారు. మళ్లీ తుప్పు, మళ్లీ టింకరింగ్. 2019లో ఇంటికి తెప్పించుకున్నాం. తర్వాత కరోనా వచ్చింది. ఆ తర్వాత పాప చదువు వచ్చింది. కారు వేపచెట్టు కిందే ఉండిపోయింది.

మధ్యలో నా గాజులు కూడా వెళ్లినాయి. మా అమ్మ కండెలు చుట్టి కూడబెట్టిన డబ్బుతో చేయించిన రెండు గాజులవి. "ఆరు నెలల్లో విడిపిస్తా" అని బ్యాంకులో పెట్టినారు. ఏటా వడ్డీ కట్టి తిరగరాయించుకుంటూ వచ్చినాం.

ఈసారి పాప హాస్టలు ఫీజు కట్టాల్సి వచ్చినప్పుడు నేనే అన్నా, "ఏమండీ, కారు అమ్మేద్దాం" అని.

"ఎంతకమ్ముతావ్? నాలుగు లక్షలకు తక్కువైతే ఇచ్చే పనే లేదు" అన్నారు.

"ఎందుకు నాలుగు?"

"మూడు లక్షలు పోసినా కదా. ఆపైన మా నాయన కారు."

అదే వారంలో పాత ఇనుము అంగడాయన వచ్చి, చుట్టూ తిరిగి, కాలితో టైరు తన్ని, కిలో 30 చొప్పున ఇస్తానన్నాడు. ఉన్న ఇనుము 800 కిలోలు ఉంటుందన్నాడు. అంటే 24,000. మా ఆయన ముఖం చూడలేకపోయినా. ఒకరు నాలుగు లక్షలు, ఇంకొకరు ఇరవై నాలుగు వేలు. ఇంత తేడా ఎందుకొచ్చిందని కూర్చుని ఆలోచించినా.

నేను బీఏలో తెలుగు చదువుకున్నా. కారు గురించి తెలియదు గానీ మాటల గురించి కొంచెం తెలుసు. మన దగ్గర ఖర్చు, వెల, విలువ అని మూడు మాటలున్నాయి. మనం చేసిందేమో ఖర్చు. ఎదుటివాడు ఇచ్చేది వెల. మన మనసులో ఉన్నది విలువ. మా ఆయన మూడు లక్షల ఖర్చుకు లక్ష విలువ కలిపి, మొత్తాన్ని వెల అంటున్నారు. ఇంకో మాట కూడా ఉంది, ఖరీదు. అది పారసీ నుంచి మనకొచ్చింది. దానికి అసలు అర్థం కొనడం. కొనేవాడు లేకుండా ఖరీదు లేదని ఆ మాటలోనే ఉంది.

మర్నాడు బిస్కెట్ డబ్బాలో ఉన్న బిల్లులన్నీ ముందేసుకున్నా. బిల్లు లేనివి మా ఆయన్ని అడిగి రాసుకున్నా. మొత్తం 2,86,000 తేలింది. దాన్ని నాలుగు భాగాలు చేసినా. ఇప్పుడు కారులో కంటికి కనబడే పని, సామాను 1,10,000. పాడైపోయి రెండోసారి చేయించిన పని 70,000. లారీ బాడుగ, షెడ్డు బాడుగ, బెంగళూరు ప్రయాణాలు 40,000. నా గాజుల మీద కట్టిన వడ్డీ 66,000.

కొనేవాడు దేనికి డబ్బు ఇస్తాడు? మొదటి దానికి మాత్రమే. అదైనా మొత్తం ఇవ్వడు. రంగు ఎండలో పోయినందుకు వాడెందుకు ఇస్తాడు? మనం జేసీ రోడ్డులో తిన్న దోసెకు వాడెందుకు ఇస్తాడు?

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. ఆ వడ్డీ చూసినాక నేనూ నాలుగు లక్షలకే మొగ్గినా. "నా గాజులు ఆరేళ్లుగా బ్యాంకులో ఉన్నాయి, ఆ ఉసురు ఎవరిస్తారు" అనిపించింది. మా ఆయనకు వాళ్ల నాయన, నాకు మా అమ్మ. ఇద్దరం మా మా బాధలను తెచ్చి ఎవరో ముక్కూ మొహం తెలియని కొనేవాడి మీద పెడుతున్నాం. మార్కెట్ యార్డులో రైతును మేం రోజూ చూస్తాం. బోరు ఎండి మళ్లీ వేసినవాడు, రెండుసార్లు విత్తనం నాటినవాడు, అందరి పత్తికీ ఒకటే పరీక్ష. పిడికెడు తీసి పింజ చూస్తారు, తేమ చూస్తారు. 12 శాతం దాటితే సీసీఐ కొనదు. రైతు కష్టం ఆ పిడికిట్లోకి రాదు. అది న్యాయమని నేననడం లేదు. రైతు విషయంలో అది అన్యాయమే, ఎందుకంటే పంట లేకపోతే మనకు తిండీ బట్టా లేవు. కానీ సరదాకు మొదలుపెట్టిన కారుకు ఆ న్యాయం అడగలేం.

మరి లెక్క ఎట్లా కట్టాలి? ఎమ్మిగనూరులో నా చిన్నప్పుడు చూసిన సంగతి ఒకటి గుర్తొచ్చింది. 1938లో మాచాని సోమప్ప గారు నేత సహకార సంఘం పెట్టిన ఊరు మాది. మా వీధిలో ప్రతి ఇంట్లో మగ్గం చప్పుడే. పక్కింటి పెద్దాయనకు జబ్బు చేసి మగ్గం మీద చీర సగంలో ఆగింది. అంగట్లో చీర కొనేవాళ్లకు ఆ సగం చీరతో పనే లేదు. దాన్ని కొనేది ఇంకో నేతగాడే. ఆయన వచ్చి నేసిన భాగాన్ని చూడనే లేదు. వంగి పడుగు చూసినాడు. ఎన్ని పోగులు తెగినాయి, ఇంకెన్ని మూరలు నేయాలి, పేక నూలు ఎంత మిగిలింది, అవే అడిగినాడు. నేయడం పూర్తయితే చీరకు ఎంత వస్తుందో అందులో నుంచి తన పని, తన నూలు తీసేసి, మిగిలింది చెప్పినాడు. పెద్దాయన భార్య ఏడ్చింది. కానీ ఇచ్చేసింది.

కారుకూ అదే లెక్క. పూర్తయితే ఎంత వస్తుంది? పూర్తి చేయడానికి ఇంకా ఎంత కావాలి? రెండోది మొదటిదాంట్లో నుంచి తీసేయాలి. పూర్తి చేసేవాడి శ్రమకూ, లోపల ఏముందో తెలియని భయానికీ ఇంకొంత తీసేయాలి. మిగిలిందే వెల.

బాగా నడిచే, కాగితాలు సరిగ్గా ఉన్న పద్మినికి ఎంతని పాత కార్లు నడిపేవాళ్లను నలుగురిని ఫోనులో అడిగించినా. రెండున్నర నుంచి మూడు అన్నారు. నడుమ 2,75,000 పెట్టుకున్నా. మా ఆయన్నే తీసుకుపోయి మెకానిక్ దగ్గర మిగిలిన పని లెక్క రాయించినా. రంగుకు 70,000. వైరింగు, సీట్లు 45,000. ఇంజను బిగించి స్టార్ట్ చేయడానికి 25,000. కాగితాలు, పన్ను, ఇన్సూరెన్సు 20,000. మొత్తం 1,60,000. తీసేస్తే 1,15,000. కొనేవాడి శ్రమకూ భయానికీ 30,000 తీసినా. 85,000 తేలింది. కిందికి పోతే పాత ఇనుము ధర 24,000, అంతకంటే దిగదు.

ఈ కాగితం మా ఆయన ముందు పెట్టినా. చాలాసేపు చూసి, "కూడికలు కరెక్టే" అని లేచి వెళ్లిపోయినారు. లెక్కలు రాసే మనిషి కదా, తప్పని అనలేరు. ఆ రాత్రి అన్నం తినలేదు.

రెండు రోజులయినాక ఇంకో మాట తెచ్చినారు. "ఆగితే వింటేజ్ అవుతుందంట. అప్పుడు రేటే వేరు" అన్నారు. అదీ కనుక్కున్నాం. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండికే వింటేజ్ గుర్తింపు. అంటే మా కారుకు 2033లో. బాడీ, ఛాసిస్, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. ఆ గుర్తింపు వచ్చినాక రోజువారీ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనలకూ ర్యాలీలకూ అలాంటి పనులకే తీయాలి. అప్పటిదాకా వేపచెట్టు కింద ఆ రేకు ఉంటుందా? బొంబాయిలో వేలకొద్దీ తిరిగిన పద్మిని టాక్సీలే 2023 అక్టోబరుతో రోడ్డు మీద నుంచి వెళ్లిపోయినాయి. అరుదైపోవడం వేరు, ధర పెరగడం వేరు. అరుదైనది మంచి స్థితిలో ఉంటేనే ధర.

కాగితాల దగ్గరే అసలు చిక్కు. ఆర్‌సీ మామగారి పేరు మీద ఉంది. గడువు ఎప్పుడో తీరింది. పదిహేనేళ్లు దాటిన కారుకు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్లో 600 నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేసినారు. అంతకంటే కష్టం, రెన్యువల్‌కు బండిని నడిచే స్థితిలో చూపించాలి. సగం బండికి అది కుదరదు. పోయిన మనిషి పేరు నుంచి వారసుడికి మార్చాలంటే ఫారం 31, అక్కడి నుంచి కొన్నవాడికి మార్చాలంటే ఫారం 29, 30. ఇదంతా కొనేవాడి నెత్తిన పడే పని. కాగితాలు లేని కారు అయితే అది కారే కాదు, విడిభాగాల కుప్ప. అదృష్టం, మా అత్తమ్మ ఆర్‌సీ పుస్తకాన్ని పెట్టెలో పట్టుచీరల మధ్య దాచింది. మామగారి మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కూడా ఉన్నాయి. మీ ఇంట్లో ఇలాంటి బండి ఉంటే ముందు వెతకాల్సింది పిస్టన్లు కాదు, ఆ పుస్తకం. ఒకవేళ ఇనుముకే ఇచ్చేసినా ఆర్‌సీ రద్దు చేయించకుండా ఇవ్వకండి. రేపు ఆ నంబరు ఎక్కడ తేలినా మీ గడపకే వస్తారు.

వారసులంటే మా ఆయన ఒక్కరే కాదు. అత్తమ్మ ఉంది, మా వదిన ఉంది. సంతకానికి వదిన దగ్గరికి వెళ్లాలంటే మా ఆయన "అక్క ఏమీ అనదులే, పెట్టేస్తుంది" అన్నారు. నాకు ఆ మాట నచ్చలేదు. ఆడబిడ్డ సంతకం కావాలి గానీ ఆడబిడ్డ భాగం గుర్తుకు రాదు. మామగారి కారులో అత్తమ్మకూ వదినకూ మా ఆయనకూ సమాన వాటా. అయితే మేం పెట్టిన డబ్బులో వాళ్లకు వాటా రాదు కదా అంటే, నిజమే. అందుకే ఇంకో లెక్క కట్టినా. మేం చేయి పెట్టకుండా అట్లాగే ఉంచి ఉంటే ఈ కారుకు ఎంత వచ్చేది? మెకానిక్ 45,000 అన్నాడు. మూడు వాటాలు చేస్తే తలా 15,000.

ఈ పనులు జరుగుతుండగా నేను ఇంకోటి చేసినా. విప్పిన సామాన్లు మూడు గోనె సంచుల్లో, రెండు నూనె డబ్బాల్లో కలగాపులగంగా ఉన్నాయి. మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటి తీయించి, కిరోసిన్‌తో తుడిచి, గుడ్డ సంచుల్లో వేసి చీటీలు కట్టినా. "ముందు ఎడమ తలుపు నట్లు", "కార్బురేటర్, కొత్త జెట్లతో", "డ్యాష్‌బోర్డు మీటర్లు, మూడూ పనిచేస్తాయి". పన్నెండు మధ్యాహ్నాలు పట్టింది. ఆ పన్నెండు మధ్యాహ్నాల్లోనే మేం మళ్లీ మాట్లాడుకున్నాం. ఏ నట్టు చూసినా ఆయనకు ఒక కథ ఉంది. ఈ లైటు వాళ్ల నాయన మంత్రాలయం దారిలో పగలగొట్టుకున్నాడని, ఈ అద్దం వదిన పెళ్లికి కొన్నదని. నేను వింటూ చీటీలు రాసినా. ఆయనకు కావలసింది నాలుగు లక్షలు కాదని, ఎవరైనా కూర్చుని ఆ కథలు వినడమని అప్పుడు తెలిసింది. ఏడేళ్లు "ఆ ఇనుప గూడు" అన్నది నేనే.

గుంతకల్లు నుంచి ఒక అబ్బాయి వాళ్ల నాయనను వెంటబెట్టుకుని వచ్చినాడు. ఆ పెద్దాయన మెకానిక్. ఎమ్మిగనూరు నేతగాడిలాగే ఆయన కూడా మెరిసే చోట్లు చూడలేదు. వంగి కింద ఛాసిస్ చూసినాడు. తర్వాత సంచులు చూసినాడు. ఒక్కో చీటీ చదివి, "ఎవరు రాసినారమ్మా ఇవి?" అన్నాడు. నేనే అన్నా.

"సామాను అంతా ఉందని తెలిస్తే సగం భయం పోయినట్టే. మేం 70,000 అనుకుని వచ్చినాం. 90,000 ఇస్తాం" అన్నాడు.

మా ఆయన నా వైపు చూసినారు. నేను తలూపినా. ఎక్కడెక్కడ లోపాలున్నాయో కూడా దాచకుండా చెప్పినాం. వెనక డిక్కీ కింద మళ్లీ తుప్పు మొదలైంది, అదీ చూపించినాం. ఇప్పుడున్న స్థితిలో రోడ్డు మీద తిరగదని, ఏ తేదీన ఏ సమయానికి అప్పగించామో, పేరు మార్పు ఎవరు చేయించుకోవాలో స్టాంపు కాగితం మీద రాసి ముగ్గురు వారసులూ సంతకాలు పెట్టినారు.

వదినకు 15,000 కవరులో పెట్టి, ఎమ్మిగనూరు రవిక గుడ్డతో తీసుకెళ్లి ఇచ్చినా. "ఇదేంది, నేనడిగినానా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అడగలేదు కాబట్టే ఇవ్వాలి వదినా అన్నా. అత్తమ్మ తన 15,000 మనవరాలి హాస్టలుకు ఇచ్చేసింది. మిగిలిన 60,000లో 58,000 పెట్టి గాజులు విడిపించుకున్నా.

నేను చెప్పదలచింది ఇంతే. సగంలో ఆగిన దానికి మనం పోసిన డబ్బు వెల కాదు. పూర్తయితే ఎట్లుంటుందని మనం కన్న కలా వెల కాదు. దాన్ని పూర్తి చేయగలిగిన మనిషి, తన ఖర్చు తీసేసుకుని, ఈ రోజు ఇవ్వగలిగిందే వెల. దాన్ని పెంచుకోవాలంటే ఇంకా డబ్బు పోయనక్కర్లేదు. కాగితాలు వెతికి, సామాను సర్ది, నిజం చెబితే చాలు. ఇక విలువ అంటారా, దాన్ని అమ్మకంలో కలపకూడదు. దానికి ఇంట్లో వేరే చోటుంది. మగవాళ్లను "డబ్బు తగలేసినావు" అని దెప్పితే వాళ్లు ధర దించరు, ఇంకా పెంచుతారు. దెప్పినన్నాళ్లూ మా కారు నాలుగు లక్షల దగ్గరే నిలబడింది.

కారు లారీ ఎక్కుతుంటే అత్తమ్మ పసుపు కుంకుమ పెట్టి, టైరు కింద నిమ్మకాయ పెట్టింది. అది దొర్లే చక్రం కూడా కాదు, అయినా పెట్టింది. పూర్తయినాక ఒకసారి నడిపి తెచ్చి చూపిస్తామని ఆ అబ్బాయి మాటిచ్చినాడు. ఆ రోజు ఎమ్మిగనూరు దాకా పోయిరావాలని మా ఆయన ఆశ. రేడియేటర్‌కు నీళ్ల క్యాను నేను పట్టుకుంటానన్నా. ఈసారి ఆగితే దిగి నేనే పోస్తా.